తాళం వేసిన డాబా మీద టెలిస్కోపు ఎవరు తిప్పారు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకే. పదిహేడేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నాను. "అన్నా, గీ ఫొటోల మా నాయనమ్మ ఎనక ఎవరో నిలవడ్డట్టుంది, జర చూడరాదే" అంటూ ఏడాదికి ఇద్దరైనా వస్తారు. కంప్యూటర్లో పెద్దది చేసి చూపిస్తాను. ఒకదాంట్లో అది లెన్సు మీద పడిన లైటు మెరుపు. ఇంకోదాంట్లో పక్కావిడ చున్నీ. ఇన్నేళ్లలో ఒక్క ఫొటోలో కూడా నాకు దయ్యం దొరకలేదు.

అందుకే ఇది రాయాలా వద్దా అని రెండేళ్లు ఆగాను. నేను కళ్లారా చూసింది, నా ఫైళ్లలో ఉన్నది మాత్రమే రాస్తున్నాను. వేరేవాళ్లు విన్న సంగతి ఒక్కచోట వస్తుంది. అక్కడ ఆ మాట చెప్తాను.

నా పేరు యాదగిరి. మాది చౌటుప్పల్ దగ్గర ఒక పల్లె. మా నాన్న మగ్గం నేసేవాడు. నేను, నా భార్య స్వరూప, మా పాప మన్సూరాబాద్‌లో రెండో అంతస్తులో కిరాయికి ఉంటాం. కింద ఇంటి ఓనరు సత్తెమ్మ పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. మా పైన డాబా. డాబాకు ఇనుప గ్రిల్లు తలుపు, దానికి తాళం. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. వాటర్ ట్యాంకు సంగతి చూసుకొమ్మని తాళంచెవి నాకే ఇచ్చింది. ఉన్నది అదొక్కటే. రెండోది వాళ్లాయన బతికున్నప్పుడే పోయిందట.

నాకు ఆకాశం పిచ్చి పట్టించింది పూర్ణచంద్రరావు మాస్టారు. రేపల్లె వైపు మనిషి. ముప్పై ఏళ్లు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పి, రిటైరై నాగోల్‌లో ఒక ఫ్లాట్లో ఉంటున్నారు. భార్య పోయారు. కూతురు శైలజ గారిది విశాఖపట్నంలో ఉద్యోగం. ఒకరోజు పెన్‌డ్రైవ్ పట్టుకుని మా స్టూడియోకి వచ్చారు. అందులో ఉన్న బొమ్మ చూసి మా కుర్రాళ్లు "సార్, ఇది కరాబ్ అయింది, ప్రింట్ రాదు" అని తిప్పి పంపబోయారు. నల్లటి బొమ్మ, మధ్యలో బూడిద రంగు మరక. నేను కొంచెం వెలుగు పెంచి చూశాను. మరక లోపల రెక్కలు విప్పినట్టు ఏదో ఉంది. "ఏంది సార్ ఇది?" అని అడిగాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ సాయంత్రం స్టూడియో షట్టరు దించేదాకా లేవలేదు. అది నీహారిక అని, నక్షత్రాలు పుట్టే మేఘమని, తన బాల్కనీలోంచి మూడు రాత్రులు కష్టపడి తీశానని చెప్పారు.

ఆయన దగ్గర పరికరాలున్నాయి, ఆకాశం లేదు. బాల్కనీలోంచి కనిపించేది ఒక చీలిక. నా దగ్గర డాబా ఉంది. అట్లా జత కుదిరింది.

ఈ పని తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. నీహారికలు చాలా మసకగా ఉంటాయి. ఒక్క ఫొటోలో ఏమీ పడదు. ఒక్కోటి మూడు నిమిషాల చొప్పున వందల ఫ్రేములు తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పేర్చేకొద్దీ గరుకు తగ్గి, అడుగున ఉన్న బొమ్మ పైకి తేలుతుంది. ఆ మూడు నిమిషాలూ టెలిస్కోపు నక్షత్రాలతో పాటు కదలాలి. దానికోసం స్టాండు మీద ఒక మోటారు ఉంటుంది. మాస్టారి స్టాండు పాతది. గడియారం ముల్లులాగా నెమ్మదిగా ఒకే వైపు తిప్పడం తప్ప ఆ మోటారుకు ఇంకేమీ రాదు. ల్యాప్‌టాప్ నడిపేది కెమెరాను మాత్రమే. స్టాండుకూ దానికీ మధ్య ఒక్క వైరు కూడా లేదు.

ఇంకొక చిక్కు. మనం తీసే వస్తువు నడినెత్తి దాటాక టెలిస్కోపు గొట్టం కిందికి దిగి స్టాండు కాలికి తగులుతుంది. అందుకని సరిగ్గా ఆ సమయానికి ఒక మనిషి లేచి, రెండు బిగింపులు వదులు చేసి, గొట్టాన్ని స్టాండుకు ఇటు పక్కనుంచి అటు పక్కకు తిప్పి, మళ్లీ అదే చోట గురిపెట్టాలి. మేము దాన్ని ఫ్లిప్ అంటాం. తిప్పాక ఫొటోలన్నీ తలకిందులుగా పడతాయి. మా స్టాండును అట్లా తిప్పడం వచ్చినవాళ్లు ఇద్దరే, మాస్టారూ నేనూ. బిగింపు మర అరిగిపోయింది. ఎక్కడ ఎంత ఒత్తాలో చేతికి తెలియాలి.

మేము పట్టుకున్నది మామూలు నీహారిక కాదు. వృషభ రాశి కొమ్ము కొసన ఉండే నక్షత్రం పక్కన, ఎప్పుడో పేలిపోయిన ఒక నక్షత్రం తాలూకు పొగ మిగిలిపోయి ఉంది. ఆరు పున్నమి చంద్రుళ్లను వరసగా పెట్టినంత వెడల్పు, కానీ సాలెగూడు కంటే పలచన. అడవుల్లోకి పోయి తీసేవాళ్లకే కష్టం. ఎల్బీ నగర్ జంక్షన్ లైట్లు, మెట్రో లైట్లు, షోరూముల బోర్డులు, ఇన్నింటి మధ్యనుంచి దాన్ని తీస్తామని ఇంటర్నెట్‌లో ఆకాశ ఫొటోలు తీసేవాళ్ల గ్రూపులో మాస్టారు రాశారు. పేరున్న ఒకాయన నవ్వుతున్న బొమ్మ పెట్టి, "నగరంలోంచి అది అసాధ్యం, మీ సమయం వృథా" అని జవాబిచ్చాడు. మాస్టారు ఆ జవాబును ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించుకున్నారు.

నీహారికనుంచి వచ్చే హైడ్రోజన్ వెలుగును తప్ప మిగతా లైట్లన్నింటినీ ఆపేసే ఎర్ర ఫిల్టరు ఒకటి పెట్టి మొదలుపెట్టాం. రెండు చలికాలాలు పట్టింది. మబ్బులు, పొగమంచు, పెళ్లిళ్ల సీజనులో నాకు ఓవర్‌టైము. రెండో చలికాలానికి ఇంకో గండం వచ్చింది. మా ఇంటికి తూర్పున ఖాళీ ప్లాటులో ఐదంతస్తుల అపార్టుమెంటుకు పిల్లర్లు లేచాయి. వచ్చే ఏటికి మా తూర్పు ఆకాశం గోడే. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదు.

పైగా మాకు కావాల్సింది ఫ్లిప్ తర్వాతి ఫ్రేములు. రెండేళ్లలో నేను ఎక్కువగా సగం రాత్రికే ఆపేసి పడుకునేవాణ్ని, పొద్దున డ్యూటీ ఉంటుంది కదా. ఫొటోలు దాదాపు అన్నీ ఒక వైపువే కావడంతో జంక్షన్ లైట్ల మరక అన్నింట్లోనూ ఒకే మూలన పడింది. ఆ మూలలో ఉన్నది నీహారికో, లైటు మరకో తేలడం లేదు. తలకిందుల ఫ్రేములు చాలినన్ని ఉంటే మరక అటు పోతుంది, నీహారిక ఇటే ఉంటుంది, తేడా తెలిసిపోతుంది.

డిసెంబరు రెండో వారం. బంగాళాఖాతంలో తుఫాను వచ్చి మూడు రోజులు ముసురు పట్టి, నాలుగో రోజు గాలి కడిగినట్టయింది. అట్లాంటి ఆకాశం మన్సూరాబాద్‌లో నేను మళ్లీ చూడలేదు. స్వరూప పాపను తీసుకుని మిర్యాలగూడలో వాళ్ల అక్క ఇంటికి పోయింది. మాస్టారు కడుపులో నొప్పిగా ఉంది రానన్నారు. నేనొక్కణ్నే అన్నీ బిగించి, తొమ్మిదీ పదికి కెమెరా మొదలుపెట్టాను. నూట యాభై ఫ్రేములు. పన్నెండున్నరకు లేవాలని అలారం కూడా పెట్టుకున్నాను.

తొమ్మిదిన్నరకు మాస్టారి అపార్టుమెంటు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "అన్నా, సార్ కడుపు పట్టుకొని లిఫ్టు కాడనే పడిపోయిండు. జల్ది రా."

పరుగెత్తాను. గ్రిల్లుకు తాళం వేసింది గుర్తుంది. వేశాక ఒకసారి లాగి చూడటం నా అలవాటు, అదీ గుర్తుంది. తాళంచెవి ప్యాంటు జేబులో పడింది. పోతూ పోతూ పెద్దమ్మకు సంగతి ఒక్క ముక్కలో చెప్పాను. బండి మీద నాగోల్ పోయి, అక్కణ్నుంచి ఆంబులెన్సులో ఆయన్ను ఎల్బీ నగర్ దగ్గర ఒక దవాఖానకు తెచ్చాం. అపెండిక్సు పగిలింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, వయసు డెబ్బై ఒకటి కాబట్టి ఏ హామీ ఇవ్వలేం అన్నారు. శైలజ గారికి ఫోన్ చేశాను. మొదటి విమానానికి వస్తాను, అప్పటిదాకా మీరే చూసుకోవాలి అంటూ ఏడ్చేశారు. కాగితాల మీద సంతకం నేనే పెట్టాను.

స్ట్రెచరు మీద లోపలికి తీసుకుపోతుంటే మాస్టారు నా చొక్కా పట్టుకున్నారు.

"యాదగిరీ, ఆకాశం చూశావుటయ్యా? అద్దంలా ఉంది. కెమెరా పెట్టావా?"

"పెట్టిన సార్. నడుస్తున్నది."

"పన్నెండు నలభై ఎనిమిదికి నడినెత్తికొస్తుంది. ఫ్లిప్ ఎవరు చేస్తారు?"

"పోతే పోతది సార్. మీరు పరేషాన్ గాకుండ్రి."

"గొట్టం కాలికి కొట్టుకుంటుందయ్యా. ఇంటికెళ్లి తిప్పిరా."

"మిమ్ముల ఇడిసి ఏడికి పోను సార్?" అన్నాను. ఆయనకు నచ్చలేదు. నొసలు ముడిచి ఏదో అనబోయారు, తలుపులు మూసుకున్నాయి.

పన్నెండూ పదికి బయటికి తెచ్చారు. ఆపరేషన్ అయిపోయింది, మెలకువ రావాలి అన్నారు. ఆపరేషన్ తర్వాత ఉంచే చిన్న గదిలో పడుకోబెట్టి, మగ తోడు ఒకరు ఉండొచ్చంటే నేను స్టూలు మీద కూర్చున్నాను. జేబులో అలారం మోగింది, ఆపేశాను. ఇంక ఇరవై నిమిషాల్లో గొట్టం కాలికి తగులుతుంది, పాత మోటారు పళ్లు అరిగి విరిగిపోతాయి అనుకున్నాను. తర్వాత మాస్టారి ముఖం చూసి, అట్లా అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

కాసేపటికి ఆయన చేతులు కదిలాయి.

మొదట కుడి చేతి బొటనవేలు, రెండు వేళ్లు దగ్గరకొచ్చి ఏదో చిన్నదాన్ని వదులు చేస్తున్నట్టు తిరిగాయి. తర్వాత ఎడమ అరచెయ్యి పైకి లేచింది, కింద బరువేదో ఆనుకున్నట్టు. ఆ బరువును ఛాతీ మీదుగా ఇటునుంచి అటు మెల్లగా తిప్పి దించారు. కళ్లు మూసే ఉన్నాయి. నర్సు పరుగున వచ్చింది.

"అన్నా, జర సార్ చెయ్యి పట్టుకోండి. సూది ఊడొస్తది."

నేను ఎడమ చెయ్యి పట్టుకున్నాను. అది మంచులా చల్లగా ఉంది. కుడి చెయ్యి మాత్రం గాల్లో పని చేస్తూనే ఉంది. మత్తు దిగేటప్పుడు కొందరు ఇట్లాగే చేస్తారని చెప్పి, నర్సు తన కాగితంలో రాసుకుంది. రాసేటప్పుడు గోడ గడియారం చూసింది కాబట్టి నేనూ చూశాను. పన్నెండూ యాభై. ఇంకో నాలుగైదు నిమిషాలకు చెయ్యి దుప్పటి మీద వాలిపోయింది. మాస్టారు గట్టిగా ఊపిరి వదిలి నిద్రలోకి జారుకున్నారు. ఆ తర్వాత తెల్లారేదాకా కదల్లేదు.

పొద్దున ఎనిమిదిన్నరకు శైలజ గారు వచ్చారు. డాక్టరు గండం గడిచినట్టే అన్నాడు. అప్పుడు ఇంటికి బయల్దేరాను.

తాళం వేసినట్టే ఉంది. తీసి డాబా మీదికి పోయాను. మొదట నాకు అర్థమే కాలేదు. విరిగిపోయి ఉంటుందనుకున్న టెలిస్కోపు నిక్షేపంగా పడమటి వైపు చూస్తూ నిలబడి ఉంది. రాత్రి నేను పెట్టినప్పుడు గొట్టం స్టాండుకు పడమట ఉంది, దానికి ఎదురు తూకంగా ఉండే బరువు దిమ్మ తూర్పున ఉంది. ఇప్పుడు గొట్టం తూర్పున ఉంది, దిమ్మ పడమట ఉంది. మోటారు ఎంతసేపు తిరిగినా అట్లా కాదు. బిగింపులు వదులు చేసి, మనిషి చేత్తో తిప్పితే తప్ప కాదు. బిగింపులు ముట్టుకుని చూశాను. రెండూ గట్టిగా బిగించి ఉన్నాయి.

నేనే తిప్పానా అనుకున్నాను. నిద్ర లేదు, తల పని చెయ్యడం లేదు. కిందికి దిగాక పెద్దమ్మే నన్ను పిలిచి సార్ ఎట్లున్నడని అడిగింది. బాగున్నడని చెప్పాను. వేరేవాళ్లు విన్న సంగతి అన్నది ఇదే:

"మరి నువ్వెప్పుడొచ్చినవ్ బిడ్డా? నడిజామున మీద సప్పుడైతుంటే, వచ్చినట్టున్నడు, సార్‌కు నయమైనట్టున్నదని నిమ్మళంగ పన్న."

"ఏం సప్పుడు పెద్దమ్మా?"

"ఏముంటది, నువ్వు రోజు చేసేదే. టక్కున ఇనుము తిప్పిన సప్పుడు, చెప్పుల సప్పుడు."

నేను రాలేదని ఆమెకు చెప్పలేదు.

ల్యాప్‌టాప్ తీసుకుని స్టూడియోకు పోయాను. నా టేబులు దగ్గర కర్టెన్ వేసుకుని ఒక్కో ఫ్రేము తెరిచాను. డెబ్బై రెండు దాకా మామూలే. డెబ్బై మూడో ఫ్రేము, పన్నెండూ నలభై ఆరుకు మొదలైంది, దాన్నిండా గీతలు. గొట్టాన్ని తిప్పుతున్నప్పుడు నక్షత్రాలు సాగిపోయి పడే గీతలు అవి. డెబ్బై నాలుగులో చిన్న చిన్న మెట్లు, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. గురి కుదర్చడానికి మరలు తిప్పినప్పుడు పడేవి. డెబ్బై అయిదులో ప్రతి నక్షత్రమూ ఒక పొట్టి గీత, గీత చివర చిన్న కొక్కెం. డెబ్బై ఆరో ఫ్రేము పన్నెండూ యాభై అయిదుకు మొదలైంది. నక్షత్రాలు సూది మొనల్లా ఉన్నాయి. బొమ్మ మొత్తం తలకిందులు. అక్కణ్నుంచి నూట యాభై దాకా, తెల్లవారుజాము నాలుగూ నలభై వరకు, ఒక్క ఫ్రేము కూడా చెడలేదు.

నేను మళ్లీ డెబ్బై అయిదో ఫ్రేము తెరిచాను. కారణం ఆ కొక్కెం.

మరలు తిప్పడంలో మనిషికొక పద్ధతి ఉంటుంది. నేను మెల్లగా జరుపుకుంటూ పోయి, చేరాల్సిన చోట ఆగిపోతాను. మాస్టారు అట్లా కాదు. కొంచెం ముందుకు దాటిపోయి, వెనక్కి వచ్చి ఆగుతారు. అట్లా చేస్తే మర పళ్ల మధ్య సందు పోతుందంటారు. నా చేతికి అది ఎప్పుడూ రాలేదు. చెడిపోయిన ఫ్రేములు కూడా తీసెయ్యకపోవడం మా వృత్తిలో అలవాటు, ఏ పెళ్లికొడుకు ఏ ఫొటో అడుగుతాడో తెలియదు. రెండేళ్ల పాత ఫ్రేములన్నీ బయటికి తీశాను. నేను తిప్పిన రాత్రులు ఒక్కదాంట్లోనూ కొక్కెం లేదు. మాస్టారు తిప్పిన రాత్రులు అన్నింట్లోనూ ఉంది. అదే కొలత, అదే వంపు.

ఎన్ని రకాలుగా ఆలోచించాలో అన్ని రకాలుగా ఆలోచించాను. ల్యాప్‌టాప్ గడియారాన్ని ఫోనుతో పోల్చాను, నిమిషం తేడా కూడా లేదు. నేను రాత్రి ఇంటికి వచ్చి మర్చిపోయానేమో అనుకుందామంటే, ఆ సమయంలో నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నానని నర్సుకు తెలుసు. పక్క ప్లాటు పిల్లర్లు ఇంకా మా డాబా ఎత్తుకు రాలేదు. అక్కడ కాపలా ఉండే అతన్ని అడిగితే ఎవరూ రాలేదన్నాడు. ఒకవేళ దొంగే దూకి వచ్చాడనుకుందాం. కెమెరా ఎత్తుకుపోకుండా, కంటికి కనపడని నీహారికకు గురిపెట్టి పోయే దొంగ ఎవరు?

పది రోజులు స్వరూపకు కూడా చెప్పలేదు. చెప్పిన రోజు ఆమె అంతా విన్నది. చివరికి "సార్ మంచిగున్నడు గదా, ఇంగేంది" అంది. నిజమే. మాస్టారు మంచిగున్నారు.

అప్పుడు పనిలో పడ్డాను. రోజూ స్టూడియో పని అయ్యాక రెండు గంటలు. పాత ఫ్రేములు, కొత్త ఫ్రేములు, తలకిందులవి తిప్పి, అన్నీ పేర్చాను. లైట్ల మరక ఒక వైపువాటిలో కుడి మూలన, రెండో వైపువాటిలో ఎడమ మూలన పడింది. రెంటినీ కలిపితే ఒకదాన్నొకటి తినేసి మాయమైపోయింది. మూడో వారంలో ఒక సాయంత్రం నక్షత్రాలను కొంచెం తగ్గించి వెలుగును సాగదీశాను. నల్లటి తెర మీద ఎర్రటి దారాలు లేచాయి. ఒకటి, పది, వందలు. మా నాన్న మగ్గం దగ్గర రంగులో ముంచి తీసిన నూలు చిక్కుపడితే ఎట్లా ఉంటుందో అట్లాగే, ఒక పెద్ద ఉండ. మాకు రెండేళ్లుగా తేలని ఆ మూలలో కూడా దారాలున్నాయి, సన్నగా, తెగకుండా, చివరిదాకా.

నేను కుర్చీలోంచి లేచి "వచ్చింది!" అని అరిచాను. పక్క టేబులు రమేశ్ పెళ్లికూతురి ముక్కుపుడక సరిచేస్తూ ఉలిక్కిపడ్డాడు.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ల్యాప్‌టాప్ పట్టుకుని నాగోల్ పోయాను. మాస్టారు బాగా చిక్కిపోయారు కానీ గొంతు పాతదే. ముందు బొమ్మ చూపించాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీశారు. "తీశామయ్యా," అన్నారు. "ఎల్బీ నగర్‌లోంచి తీశాం." శైలజ గారు వంటింట్లోంచి వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేశారు.

తర్వాత ఆ మూడు ఫ్రేములూ చూపించాను, సమయాలతో సహా. ఆయన దయ్యాల్ని నమ్మరు, దేవుణ్ని కూడా నమ్మరు. ముందు నవ్వారు.

"నువ్వే వెళ్లి తిప్పుంటావు. కంగారులో మర్చిపోయావు."

"నేను మీ చెయ్యి పట్టుకొని కూసున్న సార్. నర్సు కూడ ఉన్నది."

డెబ్బై అయిదో ఫ్రేమును పెద్దది చేసి కొక్కెం దగ్గర ఆపాను. ఆయన నవ్వు ఆగిపోయింది. చాలాసేపు తన కుడి చేతి వేళ్లను చూసుకున్నారు.

"మీకేమన్న యాదికున్నదా సార్?"

"ఏమీ లేదయ్యా. తలుపులు మూశారు, తర్వాత తెల్లారింది. అంతే."

ఫైళ్లన్నీ తన దగ్గర వదిలి వెళ్లమన్నారు. వారం తర్వాత ఫోన్ చేశారు. మోటారు వేగం, గొట్టం బరువు, గాలి, భూకంపం, అన్నీ లెక్కలు కట్టారట. "కుదరట్లేదయ్యా," అన్నారు. ఆ మాట ఆ గొంతులోంచి నేను ఎప్పుడూ వినలేదు. మళ్లీ తనే, "ఫోకస్ మాత్రం ఎంత బాగా కుదిరిందో చూశావా?" అన్నారు. ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక కూడా నేను నవ్వుతూనే ఉన్నాను.

బొమ్మను ఆ గ్రూపులో పెట్టాం. తీసింది ఎక్కణ్నుంచి అన్నచోట "మన్సూరాబాద్, ఎల్బీ నగర్ జంక్షన్‌కు కూతవేటు దూరం" అని మాస్టారు స్వయంగా రాశారు. రెండు రోజుల్లో ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వచ్చి చూశారు. అసాధ్యమన్న ఆ పెద్దమనిషి మూడో రోజు ఒక్క వాక్యం రాశాడు: "నేను పొరబడ్డాను, ఎట్లా చేశారో దయచేసి నేర్పండి." మాస్టారు ఫ్రిజ్ మీది పాత కాగితం తీసి, దాని స్థానంలో ఇది అంటించారు. ఆ ఏడాది ఆ గ్రూపువాళ్లు వేసిన క్యాలెండరులో మా బొమ్మకు ఒక నెల ఇచ్చారు. అడవులు, ఎడారులు, కొండల మీద తీసిన బొమ్మల మధ్య ఒక్క నగరం ఫొటో ఉంటే అది మాది.

మా స్టూడియో ఓనరు దాన్ని నాలుగడుగుల వెడల్పున ప్రింటు తీయించి, పెళ్లి ఫొటోల మధ్య గోడకు తగిలించాడు. ప్రింటు తగిలించిన రోజు మాస్టారు కర్ర లేకుండా, ఆటో దిగి, మెట్లెక్కి వచ్చారు. పెద్దమ్మ కూడా వస్తానంటే స్వరూప ఆమెను మెల్లగా నడిపించుకొచ్చింది. బొమ్మను ఎగాదిగా చూసి, "గిదంత మా డాబ మీదనుంచే తీసిన్రా బిడ్డా?" అంది. అవునన్నాను. "కిరాయి పెంచుత మరి," అంది. అందరూ విరగబడి నవ్వారు.

అప్పుడే ఒక పెళ్లివారు ఆల్బమ్ చూసుకోవడానికి వచ్చారు. పెళ్లికూతురు ఆ బొమ్మ దగ్గరే నిలబడిపోయింది. "ఇది ఏ లొకేషన్ అండీ? మా ప్రీవెడ్డింగ్ షూట్ ఇక్కడ చేస్తారా?" అని అడిగింది. మాస్టారు చేతులు జోడించి, "కొంచెం దూరమమ్మా," అన్నారు. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న వెలుగు ఫొటో తీశాను. నా దగ్గరున్న మనుషుల ఫొటోలన్నింటిలోకీ నాకు ఇష్టమైనది అదే.

తూర్పు ప్లాటులో అపార్టుమెంటు ఐదంతస్తులూ లేచింది. మేము ఇప్పుడు పడమటి ఆకాశంలో వేరే నీహారికలు తీస్తున్నాం. మాస్టారు వారానికి రెండుసార్లు వస్తారు.

మత్తు ఇచ్చే డాక్టరు ఒకాయన ఆల్బమ్ పని మీద స్టూడియోకి వస్తే, పేర్లు చెప్పకుండా అడిగాను. మత్తు దిగేటప్పుడు మనుషులు రోజూ చేసే పనిని చేతులతో చెయ్యడం మామూలే, దర్జీలు కుట్టినట్టు చేస్తారు, డ్రైవర్లు గేరు మార్చినట్టు చేస్తారు అన్నాడు. స్టాండ్లు బాగుచేసే అతన్ని అడిగితే, మనిషి చెయ్యి పడకుండా ఈ స్టాండు అటు తిరగదు, రాసిస్తాను అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారని నాకు తెలుసు. ఒకరి చేతులు కదిలిన గదికీ, స్టాండు తిరిగిన డాబాకీ మధ్య ఎంత దూరమో కూడా తెలుసు, ఆ దారిలో రోజూ బండి మీద పోతాను. ఆ రాత్రి ఆ దూరం ఏమైందో మాత్రం నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.